తొమ్మిదో గొట్టం

1. ఆరుద్ర కార్తె, రెండో రోజు

ఈ నోటుబుక్కు నా సొంతం. ఆఫీసు డైరీలో ఏం రాసినా కంప్యూటర్లోని పెద్దబుర్ర చదివి నాకు మార్కులు వేస్తుంది. దీన్ని చదివేవాళ్లు లేరు కాబట్టి ఇందులో నిజమే రాస్తాను. యాభై ఎనిమిదేళ్లు నిండాక పుట్టిన బుద్ధి ఇది, ఎన్నాళ్లుంటుందో చూడాలి.

నా ఉద్యోగం బూడిద చెరువు గట్టు మీద. కరెంటు ఫ్యాక్టరీ మూతబడి ఇరవై ఏళ్లయింది గానీ, అది కాల్చిన బొగ్గు తాలూకు బూడిద ఎక్కడికీ పోలేదు. మూడు వందల ఎకరాల్లో నీళ్లతో కలిసి అలాగే ఉంది. దాన్ని ఆపుతున్నది రెండున్నర కిలోమీటర్ల మట్టిగట్టు. గట్టు లోపల తడి ఎంత పైకి వచ్చిందో తెలియడానికి పధ్నాలుగు ఇనుప గొట్టాలు దించారు. ఒకప్పుడు మేం ఒక్కో గొట్టంలోకి టేపు దింపేవాళ్లం. నీళ్లు తగలగానే బీప్ మనేది. ఎన్ని మీటర్ల లోతులో తగిలిందో రాసుకునేవాళ్లం. అంకె తగ్గుతోందంటే నీళ్లు పైకి వస్తున్నాయన్నమాట.

ఇప్పుడు ఆ పని సెన్సర్లు చేస్తాయి. పది నిమిషాలకోసారి అంకెలు పంపుతాయి, పెద్దబుర్ర చదువుతుంది. దానికి కాగితాల మీద ఏదో పొడవైన న్యూరల్ నెట్‌వర్క్ పేరుంది. మా పాత ఉద్యోగి జస్వంత్ పెట్టిన పేరే నిలిచింది. నా పని సెన్సర్ల సోలారు పలకలు తుడవడం.

ఇవాళ తొమ్మిదో గొట్టం దగ్గర పలక తుడుస్తూ సెన్సర్ మీది చిన్న తెర చూశాను. 2.90 అని ఉంది. ఆఫీసుకొచ్చి పెద్ద తెర చూస్తే తొమ్మిది ఎదురుగా 4.60 ఉంది. పక్కనే పసుపు రంగులో ఎప్పుడూ ఉండే మాటే: 'సెన్సర్ చెడిపోయినది. అంచనా విలువ చూపబడుతున్నది.' మూడేళ్లలో అక్కడ నాలుగు సెన్సర్లు మార్చారు. నాలుగూ చెడిపోయాయట.

పోయిన నెల ఆ చిన్న తెర మీద 3.70 ఉండేది. అప్పుడే నోరు విప్పాల్సింది, విప్పలేదు.

2. ఆరుద్ర, మూడో రోజు

స్టోరు గదిలో మూలన పడి ఉన్న పాత టేపు దులిపి, బ్యాటరీ మార్చి, తొమ్మిదికి వెళ్లాను. నీళ్లు 2.84 దగ్గర తగిలాయి. మూడుసార్లు దింపాను. మూడుసార్లూ అదే బీప్.

సెన్సర్ చెడిపోలేదు. ఆ నాలుగింటిలో ఏదీ చెడిపోలేదు. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. ఎందుకు తెలుసో ఇక్కడైనా రాయాలి.

నేను ఉద్యోగంలో చేరిన రోజు జస్వంత్ నాకు చాయ్, సమోసా ఇప్పించి పని నేర్పాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్నీ చూపించి ఎనిమిది దగ్గర ఆగిపోయాడు. తొమ్మిది అక్కణ్నుంచి నూటయాభై గజాలు. మధ్యలో మెట్లు విరిగి లోయలా ఉంది, దాని నిండా సర్కారు తుమ్మ, తుమ్మలో తేనెటీగలు. "ఆడికి ఎవ్వలం వోము. ఎనిమిదికి పది సెంటీమీటర్లు కలిపి రాస్కో. రోజు పదే కలుపకు, అనుమానమొస్తది. ఓనాడు తొమ్మిది, ఓనాడు పదకొండు" అన్నాడు. అతనికి అంతకు ముందువాళ్లు అలాగే నేర్పారు. ఆ తుమ్మను చుట్టి పోయి పది నుంచి పధ్నాలుగు చూసేవాళ్లం. తొమ్మిదికి మాత్రం దిగలేదు. సెన్సర్ పెట్టినప్పుడే తుమ్మలో కాలిబాట కొట్టారు.

పంతొమ్మిదేళ్లు అలాగే రాశాను. గర్వంగా ఉండేది కూడా. ఎనిమిది తగ్గితే తొమ్మిది ఒకరోజు ఆలస్యంగా తగ్గాలి, వానాకాలం తేడా కాస్త పెరగాలి. ఇలాంటి చిన్నచిన్న సంగతులు నేనే కనిపెట్టి చేర్చాను. మిగతావాళ్లు బద్ధకంగా అబద్ధం రాస్తే నేను శ్రద్ధగా రాశాను. ఆ పుస్తకాలన్నీ చదివే పెద్దబుర్ర చదువుకుంది. తొమ్మిది ఎప్పుడూ ఎనిమిది వెనకే నడుస్తుందని నేర్చుకుంది. దానికి ఆ పాఠం చెప్పిన పంతులమ్మను నేనే.

గట్టు కింద, సరిగ్గా తొమ్మిదికి ఎదురుగా, ఇటుకల కాలనీ ఉంది. బూడిదతో ఇటుకలు చేసేవాళ్లవి రెండువందల పన్నెండు ఇళ్లు. అందులో మా చెల్లె సాత్వికది ఒకటి.

3. ఆరుద్ర, ఐదో రోజు

టేపు రీడింగును ఆఫీసు డైరీలో ఎక్కించాను. పెద్దబుర్ర తిప్పికొట్టింది. 'నమోదు అసంభావ్యం. మళ్లీ కొలవగలరు.' మళ్లీ కొలిచాను. 2.71. మళ్లీ అసంభావ్యం.

మా పై ఇంజనీరు, డీఈ గారి దగ్గరికి వెళ్లాను. మా డీఈ మంచివాడే, ముప్పై ఐదేళ్లుంటాయి. కుర్చీ వేయించాడు, నీళ్లిప్పించాడు.

"తన్మయిగారూ, అది మీ రీడింగులు సదివే గద నేర్చుకున్నది. గిప్పుడు మీరే కాదంటె ఎట్ల?"

"సార్, ఒక్కపాలి మీరొచ్చి సూడుండ్రి. టేపు నేనే వట్టుకుంట."

"నేను జూస్తె ఏమైతది? సైరను నా చేతుల ఉన్నదా?"

నిజమే. పన్నెండేళ్ల క్రితం వేరే చెరువు దగ్గర ఒక ఇంజనీరు భయపడి సైరన్ మోగించాడు. గట్టుకు ఏమీ కాలేదు గానీ పరుగెత్తడంలో ఎనిమిది మంది నలిగి చచ్చిపోయారు. అప్పటినుంచి మనుషులు సైరన్ ముట్టుకోకూడదు. పెద్దబుర్ర మోగించాలి. అది మోగిస్తేనే లారీలు వస్తాయి, స్కూలు గదులు తెరుస్తారు, వంటలు మొదలవుతాయి. లేకపోతే ఎవరి ఇంట్లో వాళ్లు ఉంటారు.

బయటికొచ్చేసరికి వాన మొదలైంది.

4. ఆరుద్ర, ఏడో రోజు

యూనివర్సిటీ నుంచి ఓదేలును పిలిపించాను. ఇప్పటి పిల్లలకు మళ్లీ ఈ పాత పేర్లే ఫ్యాషన్. ఇరవై ఏడేళ్లవాడు. పెద్దబుర్ర మీదే పరిశోధన చేస్తున్నాడు. 'గట్టు మట్టిలో ఎనిమిది-తొమ్మిది అన్యోన్య ప్రవాహం' అని అతను రాసిన పేపరుకు బహుమతి వచ్చింది. అంత గట్టి సంబంధం మట్టిలో ఇంతవరకు ఎవరికీ కనపడలేదట. ఎలా కనపడుతుంది! రెండేళ్ల క్రితం నాకు శాలువా కప్పి, "అమ్మా, మీ రీడింగులంత శుభ్రమైన డేటా నేను యాడ జూడలే" అన్నాడు. ఆ శాలువా పెట్టెలో దాచాను, కప్పుకోబుద్ధి కాలేదు.

తొమ్మిది దగ్గరికి తీసుకెళ్లి అతని చేతనే టేపు దింపించాను. 2.58. అప్పుడు చెప్పాను. తేనెటీగల నుంచి సమోసా దాకా అన్నీ చెప్పాను.

 అతను బూడిదలోనే కూలబడ్డాడు.

"ఐదేండ్లమ్మా. ఐదేండ్లు మీ పది సెంటీమీటర్ల మీద లెక్కలు గట్టిన."

"తిట్టు బిడ్డా. తిట్టినంక ఏం జెయ్యాల్నో జెప్పు."

తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. డైరీలో ఒప్పుకోమన్నాడు. పాత రీడింగులు అబద్ధమని రాసినవాళ్లే చెబితే, పెద్దబుర్ర వాటిని పక్కన పెట్టి మళ్లీ నేర్చుకుంటుందని అతని ఆశ. నాకూ ఆశ కలిగింది.

5. ఆరుద్ర, ఎనిమిదో రోజు

ఒప్పుకున్నాను. పంతొమ్మిదేళ్లు, ఒక్కరోజు కూడా తొమ్మిదికి పోలేదని రాసి వేలిముద్ర వేశాను.

నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను: 'మీరు తప్పుడు నమోదులు చేసినట్లు అంగీకరించారు. మీ భరోసా మార్కులు 71 నుంచి 12కు తగ్గించబడినవి. మార్కులు 40 కన్నా తక్కువ ఉన్నవారి కొత్త రీడింగులు పరిగణించబడవు.'

అంటే నేను నిజం చెప్పానని నమ్మింది. నమ్మింది కాబట్టే ఇక నేను చెప్పే నిజాన్ని నమ్మదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

నా రీడింగులు తీసేసి మళ్లీ నేర్చుకుంది కూడా. మిగిలినవి జస్వంత్‌వి, అతని ముందువాళ్లవి. వాళ్లూ ఎనిమిదికి పది కలిపినవాళ్లే. అంచనా ఏమీ మారలేదు. మొత్తం చెరిపి మొదటినుంచి మొదలుపెట్టమని ఓదేలు బోర్డుకు అర్జీ పెట్టాడు. వినడానికి పదిహేను రోజుల తర్వాత తారీఖు ఇచ్చారు.

తొమ్మిది ఇవాళ 2.40.

6. ఆరుద్ర, పదో రోజు

జస్వంత్ ఇంటికి వెళ్లాను. డెబ్బై దాటాయి, మోకాళ్లు పట్టేసి అరుగు మీదే కూర్చుంటాడు. విషయం విని మొదట కొట్టిపారేశాడు.

"నా మార్కులు ఎనభై ఉన్నయి తెల్సా? దావఖానల నా నంబరు ముందుగాల వస్తది. అవి వోతె నా మోకాళ్లు ఎవడు జూస్తడు?"

"కాలనీల చిన్నపోరగాండ్లే మున్నూరు మందున్నరు."

"నాకు దెల్వదా!" అని అరిచాడు. తర్వాత నా ముందు చేయి చాపాడు. "ఫోను దే" అన్నాడు చివరికి.

అతనూ ఒప్పుకున్నాడు. అతనికీ పన్నెండే వచ్చాయి. నాకు, అతనికి కలిపి ఇంకో మాట వచ్చింది: 'తక్కువ మార్కులున్న ఇద్దరు ఒకే విషయం చెప్పుచున్నారు. కుమ్మక్కయి ఉండే అవకాశం 88 శాతం.'

"ఆనాడు సమోసా దినేటప్పుడే కుమ్మక్కైనం, ఇది ఇప్పుడు జెప్తాంది" అన్నాడు జస్వంత్. ఇద్దరం నవ్వుకున్నాం. వస్తూ ఉంటే వెనకనుంచి అతను మోకాళ్లు పట్టుకుని మూలగడం వినపడింది. నా మాట విని ఆ ముసలాయన పోగొట్టుకున్నదానికి ఫలితం ఏమీ లేదు.

7. ఆరుద్ర, పన్నెండో రోజు

కాలనీలో ఇంటింటికీ తిరిగాను. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం దాకా నలభై ఇళ్లు. అందరూ మర్యాదగానే విన్నారు. విని, ఫోన్లో పెద్దబుర్రను అడిగారు. 'గట్టు సురక్షితం, 99.6 శాతం' అంది. ఆ తర్వాత నా పేరు కొట్టి మార్కులు చూశారు. ఒక ముసలామె మాత్రం నా చేయి పట్టుకుని, "నీకు పానం బాగలేదా బిడ్డా?" అని అడిగింది.

సాత్విక ఇంటికి చివర్లో వెళ్లాను. తడవకుండా ఇటుకల మీద తాటిపత్రి పట్టా కప్పుతోంది. నేనూ ఒక కొస పట్టుకున్నాను.

"చెల్లె, పిల్లగాండ్లను దీస్కొని నాలుగు దినాలు నా క్వార్టర్ల ఉండు. వాన ఆగినంక వద్దువు."

"నాలుగు వేల ఇటుక ఆరవెట్టిన. ఇడిసి వస్తె నీళ్లల్ల కరుగుతది. సైరను మోగిందా? లారీ వచ్చిందా? పక్కింటోళ్లు పోతుండ్రా?"

"నా మాట మీద రావా?"

తాటిపత్రి మీద రాయి పెట్టి నా వైపు చూసింది. "నువ్వే గదక్కా జెప్పినవ్, పంతొమ్మిదేండ్లు అబద్ధాలు రాసిన అని. ఫోన్ల నీ మార్కుల కింద రాసున్నది ఇటుకల మేస్త్రి అందరికి సదివి వినిపిచ్చిండు. నేను తలకాయ ఎత్తుకోలేకపోయిన."

 అన్నం తిని పొమ్మంది. తిన్నాను. పిల్లలు పక్కన కూర్చుని గొడవపడుతున్నారు, పెరుగన్నం నాకంటే నాకని. 

8. ఆరుద్ర, పదమూడో రోజు

తొమ్మిది 1.95. గట్టు దిగువన గడ్డిలో తడి చెమ్మ పుట్టింది, కాలు పెడితే దిగబడుతోంది.

పొద్దున ఆరింటికి ఎనిమిది దగ్గర నిలబడి ఉన్నాను. తొమ్మిది అంకెను పెద్దబుర్ర ఎప్పుడూ చూడలేదు, చూడదు. అది చూసేది ఎనిమిదినే. ఎనిమిది పైకి వస్తే తొమ్మిది వస్తుందని దాని నమ్మకం. నిజం చెబితే వినదు గానీ, అది నేర్చుకున్న పద్ధతిలో అబద్ధం చెబితే వింటుంది. ఆ పద్ధతి నాకంటే ఎవరికి బాగా తెలుసు?

చెరువులోంచి బిందెతో నీళ్లు తెచ్చాను. ఎనిమిదో గొట్టం మూత తీశాను. లోపల 4.52. నీళ్లు రెండు మీటర్ల లోతు దాటి పైకి వస్తే సైరన్ మోగుతుంది. బిందె ఒక్కసారిగా కుమ్మరిస్తే సెన్సర్ చెడిపోయిందంటుంది. అందుకే స్టీలు గ్లాసుతో పోశాను. పది నిమిషాలకు ఒక గ్లాసు. ఒకసారి నిండుగా, ఒకసారి ముప్పావు. వాన హోరు పెరిగితే కొంచెం ఎక్కువ, తెరిపిస్తే ఒక విడత ఆపడం. నీళ్లు అడుగున ఇంకిపోతుంటాయి కాబట్టి దానికీ ఒక లెక్క. నా జీవితంలో ఇంత శ్రద్ధగా ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఒక్క గ్లాసు కూడా లెక్క తప్పలేదు.

పదకొండూ ఇరవైకి సైరన్ మోగింది.

మధ్యాహ్నం రెండింటికి కాలనీ ఖాళీ అయింది. నేను మాత్రం ఆపలేదు. ఆపితే ఎనిమిది దిగిపోతుంది, ప్రమాదం తప్పిందని చెప్పి పెద్దబుర్ర అందరినీ వెనక్కి పంపుతుంది. గ్లాసు, పది నిమిషాలు, గ్లాసు. తిండి లేదు, ఒంటికి రెంటికి పోవడానికీ లేదు. ఒక దశలో దేవుడికి మొక్కబోయి ఆగిపోయాను. ఏమని మొక్కాలి? గట్టు తెగిపోవాలనా?

నాలుగూ నలభైకి తొమ్మిది దగ్గర గట్టు కూర్చుండిపోయింది. శబ్దం పెద్దగా లేదు. తుమ్మచెట్లు నిలబడినవి నిలబడినట్టే కిందికి జారాయి, వాటి వెనకే నల్లటి నీళ్లు పోయాయి. పావుగంటలో కాలనీలో కప్పులు తప్ప ఏమీ కనపడలేదు.

మనుషులు ఒక్కరూ పోలేదు. రెండు మేకలు, ఒక కుక్క.

9. పునర్వసు, ఆరో రోజు

కాలనీవాళ్లంతా స్కూల్లో ఉన్నారు. సాత్వికకు అన్నం డబ్బా తీసుకెళ్లాను. నన్ను పట్టుకుని ఏడ్చింది. "పెద్దబుర్ర పుణ్యమాని బతికినమక్కా. ఐదు గంటల ముందుగాలనే పసిగట్టింది సూడు" అంది. ఔనన్నాను.

డీఈ గారికి మాత్రం నిజం చెప్పాను. గ్లాసు కూడా చూపించాను. ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"తన్మయిగారూ, మీకున్నయే పన్నెండు. అవి గూడ పోగొట్టుకోకుండ్రి. అందరు బతికిండ్రు గదా, ఇడిసిపెట్టుండ్రి."

గట్టు తెగడం మీద బోర్డు నివేదిక వచ్చింది. ఎనిమిదిని బట్టి తొమ్మిదిని లెక్కగట్టే పద్ధతి నిజమైన ప్రమాదంలో రుజువైందని రాశారు. రాష్ట్రంలో మిగతా నలభై బూడిద చెరువుల గట్లూ ఇదే నమూనాతో కట్టినవి కాబట్టి అన్నింటికీ ఆ పద్ధతే పెడతారట.

10. పునర్వసు, పదకొండో రోజు

గ్లాసు సంగతి ఫోన్లో విని ఓదేలు వచ్చాడు. గడ్డం పెరిగింది. అతని అర్జీని బోర్డు కొట్టేసిందట. తన పేపరు తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాశాడట. ఆ పత్రికలో పేపర్లు పరిశీలించేది కూడా పెద్దబుర్రకు అక్కో చెల్లెలో అయిన మరో నెట్‌వర్కేనట. జవాబు చూపించాడు: 'ఇటీవలి గట్టు ప్రమాదం మీ పేపరును బలపరచుచున్నది. వెనక్కి తీసుకొనుటకు తగిన ఆధారము లేదు.'

"ఆధారం మనం పోసిన నీళ్లే గదమ్మా" అన్నాడు.

"మనం కాదు, నేను" అన్నాను.

నలభై చెరువులకూ ఉత్తరాలు రాశాం. ఇద్దరం సంతకాలు చేశాం. అతని మార్కులు ఇప్పుడు ముప్పై ఒకటి.

11. పుష్యమి, మూడో రోజు

ఇవాళ పొద్దున పలకలు తుడుస్తుంటే ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. శ్రేష్ఠ అట. ఉత్తరాన ఏదో బూడిద చెరువు మీద నాలాంటి ఉద్యోగమే. జస్వంత్ చెల్లెలి కోడలికి తెలిసినామె, ఆ దారిన నా నంబరు దొరికిందట. పెద్దబుర్రకు వినపడుతుందేమో అన్నట్టు మెల్లగా మాట్లాడింది.

"అక్కా, మా తొమ్మిది రెండు మీటర్ల కాడికొచ్చింది. టేపు పెట్టి నేనే జూసిన. తెర మీద నాలుగున్నర సూపెడ్తాంది. సార్లకు జెప్తె సెన్సర్ పాడైందంటుండ్రు."

 గట్టు మీదే కూర్చున్నాను.

"కింద ఇండ్లున్నయా?"

"ఆరొందలు. మాది గూడ ఆడనే."

"సూడు శ్రేష్ఠా, నేను జెప్పేది జాగ్రత్తగ ఇను. తొమ్మిదిని ఇడిసిపెట్టు. ఒక బిందె, ఒక గిలాస దీస్కొని ఎనిమిది కాడికి వో. దాని మూత దియ్యి..."

"ఎనిమిది మూత రాదక్కా" అంది. "కొత్త పద్ధతి వచ్చినంక అదే ముఖ్యమైందట గదా. ఎవ్వరు ముట్టకుండ నిన్ననే వెల్డింగ్ కొట్టి పోయిండ్రు."